పొట్టి బందూకు

సాయిబుల ఇల్లంటే గోడకు ఒక జింక తల, దాని కింద అడ్డంగా ఒక బందూకు. సినిమాలు చూపించిన ఇల్లు ఇదే. కథలు రాసిన ఇల్లూ ఇదే. నవాబు షికారుకు పోతాడు, పులిని కొడతాడు, సాయంత్రం ముజ్రా చూస్తాడు. ఆ నవాబు వెనక తూటాల సంచి మోసుకుంటూ మోకాలి లోతు బురదలో నడిచినవాడు కూడా సాయిబే. వాడి సంగతి ఎవరూ రాయలేదు. మేము ఆ సంచి మోసినవాళ్ల పిల్లలం. బందూకు వాళ్లది, బురద మాది.

మాది ఉప్పల్. దాదీ పుట్టిల్లు నాచారం. ఇప్పుడు ఉప్పల్ అంటే క్రికెట్ స్టేడియం, మెట్రో, రింగురోడ్డు. నాచారం అంటే ఇండస్ట్రియల్ ఏరియా, ఈఎస్ఐ ఆస్పత్రి. దాదా వయసులో ఉన్న రోజుల్లో ఇవి చెరువుల కింద బతికిన పల్లెలు. ఉప్పల్‌కు నల్లచెరువు, నాచారానికి పెద్దచెరువు, రామంతాపూర్‌కు దాని చెరువులు, ఆ పక్కన మూసీ. ఎక్కడ నిలబడినా మౌలాలి గుట్ట కనపడేది. దీపావళి దాటి చలి ముదిరితే చెరువుల మీద పిట్టలు దిగేవి. ఎర్ర చిలువలు ఏడాది పొడుగునా ఉండేవే. సూదితోక బాతులు, ఇంకా పేరు తెలియని చిన్న బాతులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. బొల్లికోళ్లు నీళ్ల మీద, ఉల్లంకులు బురద అంచున. మా ఇంట్లో బాతులన్నిటికీ కలిపి ఒకటే మాట, మురగాబీ.

దాదా ఒక జాగీర్దారు దగ్గర జవాను. చలికాలం తెల్లవారుజామున జాగీర్దారు జీపు దిగేవాడు. కాల్చేది ఆయన. పిట్ట జమ్ములో పడగానే దాదా, దాదా దోస్తు ఒక ముదిరాజు పెద్దమనిషి, ఇద్దరూ ఉరికేవాళ్లు. చెరువు ఎక్కడ లోతో, బురద ఎక్కడ కాలు పట్టి గుంజుతదో ఆ దోస్తుకు తెలుసు. కత్తి మాత్రం దాదా నడుముకు ఉండేది.

ఎందుకంత ఉరుకులాట? పిట్టలో ఊపిరి ఉండగానే బిస్మిల్లా చెప్పి జబాహ్ చేయాలి. బందూకు దెబ్బకే చచ్చిన పిట్ట హలాల్ కాదని మా హనఫీ మౌల్వీల మాట. బిస్మిల్లా చెప్పి కాలిస్తే చాలనే ఉలమాలూ ఉన్నారు గానీ, మా ఇండ్లలో ఆ మాట నడవలేదు. పైగా నీళ్లలో పడి చచ్చిన వేటను తినొద్దని హదీసు ఉంది. అది దెబ్బకు చచ్చిందో మునిగి చచ్చిందో ఎవరికి తెలుసు? అందుకని చెరువు షికారులో సాయిబు రెండింటితో పోటీ పడాలి. ఒకటి పిట్ట ఊపిరి, రెండోది నీళ్లు. ఎంత దూరం కొట్టినా, చేతికి అందే లోపల ప్రాణం పోతే ఆ పిట్ట మాకు కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మా ఇంట్లో బందూకు గురించి జరిగిన మొదటి చర్చ ఈ లెక్క మీదనే నడిచింది. ఎంత దూరం కొడుతుంది అని కాదు, ఎంత దగ్గర కొట్టొచ్చు అని.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారుకు పరిహారం వచ్చింది, దాదాకు నౌకరీ పోయింది. ఆ తర్వాత పాతికేళ్లకు, నాచారంలో ఫ్యాక్టరీలు లేచాక, మా చిచ్చా ఒకదాంట్లో కుదిరాడు. దాచుకున్న పైసలతో లైసెన్సు తీసుకుని పాత 12 బోర్ సింగిల్ బ్యారెల్ కొన్నాడు. సంచి మోసిన ఇంట్లోకి మొదటిసారి బందూకు వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం అప్పటికే ఉంది. చిన్న వేటకు లైసెన్సు ఇచ్చే పద్ధతి ఆ చట్టంలోనే ఉండేది.

12 బోర్ అంటే అంగుళాల లెక్క కాదు. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను బరువు తూగుతాయి. అందుకే ఆ పేరు. చిచ్చా బందూకు గొట్టం 32 అంగుళాలు, కొసన ఫుల్ చోక్. చోక్ అంటే గొట్టం చివర లోపలి నుంచి కొద్దిగా ఇరుకు చేయడం. నల్లా పైపు చివర వేలితో నొక్కితే నీళ్లు చెదరకుండా దూరం పోయినట్టు, ఛర్రాలు చెదరకుండా కలిసి పోతాయి. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీస్తే, ఫుల్ చోక్ బందూకు ఛర్రాల్లో నూటికి 70 ఆ వలయంలో పడతాయి. చోక్ లేని గొట్టానివి 40 పడతాయి.

కట్ట మీద నిలబడి ఎత్తున పోయే బాతును కొట్టడానికి అది మంచి బందూకే. జమ్ములోకి దిగితేనే కష్టం. పొడుగు గొట్టం తుంగకు చిక్కుతుంది. పక్కకు తిప్పేలోపల పిట్ట వెళ్లిపోతుంది. కాలు జారి ముందుకు తూలితే కొస బురదలో గుచ్చుకుంటుంది. మూతికి బురద పట్టిన బందూకు పేలిస్తే గొట్టమే పగిలి చేతుల్లోకి వస్తుంది. ఇక జమ్ములోంచి పిట్ట లేచేది మనిషికి 20 గజాల్లో. అంత దగ్గర ఫుల్ చోక్ పేలితే పిట్ట తునాతునకలు. జబాహ్ చేయడానికి ఊపిరి ఉండదు, సాలన్‌లో పంటికి తగిలే సీసం మాత్రం ఉంటుంది.

కనక చెరువుకు కావలసింది పొట్టి బందూకు. గొట్టం పొట్టిదైతే దూరం కొట్టదని చాలామంది అంటారు. అది నల్లమందు కాలం నాటి మాట. ఆ మందు మెల్లగా మండేది, దానికి పొడుగు గొట్టం కావలసి వచ్చేది. ఇప్పటి తూటాల్లో మందు గొట్టం మొదటి భాగంలోనే మండిపోతుంది. ఆపైన అంగుళం తగ్గితే వేగం తగ్గేది చాలా కొద్ది. లండన్‌లో రాబర్ట్ చర్చిల్ అనే బందూకుల వ్యాపారి 1920ల్లోనే 25 అంగుళాల గొట్టాలతో బందూకులు అమ్మి, పొడుగు గొట్టాలవాళ్లతో పెద్ద వాదం పెట్టుకున్నాడు. పొట్టిదానికి తప్పులు లేకపోలేదు. చప్పుడు ఎక్కువ, మూతి దగ్గర మంట ఎక్కువ. కొసన బరువు తక్కువ గనక ఎగిరే పిట్ట వెంట తిప్పుతుంటే చేయి నిలకడగా ఉండదు. అవి ఓర్చుకోవచ్చు. చెరువు బురదకు 25, 26 అంగుళాల గొట్టం, వదులు చోక్, 6 నంబర్ ఛర్రా. ఇదీ లెక్క. ఈ లెక్కలో మతం లేదు.

మతం తర్వాత వచ్చింది.

పాతబస్తీలో ఒక మిస్త్రీ, 'లావో మియా, ఆరంగుళాలు కోసిస్తా' అన్నాడు. కోస్తే చోక్ మొత్తం పోతుంది, ఎందుకంటే అది ఉండేది కొసనే. అయినా చెరువుకు అదే మేలు. అడ్డం వచ్చింది చట్టం. 1959 ఆయుధాల చట్టంలో 6వ సెక్షన్ ప్రకారం ప్రత్యేకంగా లైసెన్సు లేకుండా బందూకు గొట్టం పొట్టిగా చేయకూడదు. 1962 నిబంధనలైతే 20 అంగుళాలకు తక్కువ గొట్టం ఉన్న నున్నటి బోర్ బందూకులను నిషేధ ఆయుధాలున్న వర్గంలోనే చేర్చాయి. 32లోంచి 6 తీస్తే 26. ఇరవైకి ఇంకా ఆరంగుళాల దూరం. కానీ అనుమతి లేకుండా ఒక్క అంగుళం కోసినా నేరమే. చట్టంతో మాకు పేచీ లేదు. పొట్టి గొట్టం అంగీ కింద దాగుతుంది, దొంగలకూ హంతకులకూ పనికొస్తుంది. ఏ దేశమైనా దాన్ని కనిపెట్టుకునే ఉంటుంది.

అయితే దరఖాస్తు పెట్టి అడుగుదాం అన్నాడు చిచ్చా. కారణం ఏమని రాస్తావు అని అబ్బా అడిగాడు. 'మురగాబీల కోసం' అని రాస్తా అన్నాడు. అప్పటిదాకా బియ్యం ఏరుతున్న దాదీ తల ఎత్తకుండానే అన్నది: 'నలీ ఛోటీ హుయీ తో షక్ బడా హోతా, బేటా.' గొట్టం చిన్నదైతే అనుమానం పెద్దదవుతుంది. అంతే. ఆ దరఖాస్తు రాయలేదు.

దాదీ చదువుకోలేదు. ఆమెకు ఏ సెక్షనూ తెలియదు. ఆమెకు తెలిసింది 1948. ఆ సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చిన తర్వాత, సాయిబుల ఇండ్లలో ఆయుధాలున్నాయా అని వెతుకుతున్నారన్న కబురు నాచారం చేరింది. ఇంట్లో బందూకు లేదు. ఉన్నది జబాహ్ కత్తి ఒక్కటే. దాదీ దాన్ని తీసుకుపోయి బావిలో వేసింది. ఆ ఏడాది బక్రీదుకు పక్కింటి కత్తి కోసం చూస్తే, పక్కింటి కత్తి కూడా బావిలోనే ఉంది.

రజాకార్లు చేసిన దుర్మార్గాలు మేము దాచం. ఇమ్రోజ్ పత్రిక నడిపిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు కాల్చి, చేయి నరికి చంపారు. ఆయన సాయిబే. రాసింది ఉర్దూలోనే. ఆ బందూకు మా మీద కూడా పేలింది. కానీ రజాకార్ల లెక్క తేల్చే పేరుతో, ఏ పాపం ఎరగని పల్లెల సాయిబులు ఎంతమంది పోయారో ఎవరు చెప్పారు? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ చెప్పింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అన్నది. ఆ నివేదిక దశాబ్దాల పాటు పెట్టెలోనే ఉంది. దాదీ మాట ఆ నివేదిక కంటే ముందే మా ఇంట్లో వినపడింది.

అదే రోజుల్లో మా చెరువుకే వచ్చే ఒక పటేల్‌కు డబుల్ బ్యారెల్ ఉండేది. ఫ్యాక్టరీలోనే పొట్టిగా చేసింది. చిచ్చా బందూకు పక్కన పెడితే జానెడు తక్కువ. జీపులోంచి దిగేటప్పుడు దాన్ని భుజాన వేసుకునేవాడు. పోలీసు జవాను ఎదురొస్తే సలాం కొట్టేవాడు. మంచి మనిషి పటేల్. పిట్ట పడితే చిచ్చాను పిలిచి, 'నువ్వే కొయ్యి సాయిబూ, అందరం తిందాం' అనేవాడు. ఆయన మీద మాకు కోపం లేదు. ఆయన బందూకు ఎవరి కంటికీ పొట్టిగా కనపడలేదన్నదే మా మాట.

పొట్టి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సులువుగా తిప్పొచ్చు అని. రెండోది సులువుగా దాచొచ్చు అని. బందూకు పటేల్ చేతిలో ఉంటే లోకానికి మొదటి అర్థం తోస్తుంది. మా చేతిలో ఉంటే రెండోది. ఇనుము అదే, అంగుళాలు అవే. పత్రికల్లో పనిచేస్తూ మేము ఇది రోజూ చూశాం. ఫామ్‌హౌస్‌లో దొరికితే 'వేట తుపాకి'. బస్తీలో దొరికితే 'మారణాయుధం'. వార్త రాసేవాడికి పాపం కుట్ర ఏమీ ఉండదు. చేయి అలవాటుగా ఆ మాట మీదికి పోతుంది, అంతే. చేయి అలవాటుపడటమే మాకు భయం.

అన్నట్టు, తుపాకి అనే మాట తుర్కీ భాష నుంచి వచ్చింది. తురకలతో పాటు వచ్చిన మాట. ఇప్పుడు దాన్ని ఎవరూ పరాయిదనరు. బడిపిల్లల వాచకాల్లో ఉంది, జానపదుల పాటల్లో ఉంది. తుపాకి తెలుగైపోయింది. మమ్మల్ని మాత్రం ఇంకా ఎక్కడినుంచి వచ్చారని అడుగుతున్నారు.

చివరికి చిచ్చా ఏ బందూకు ఎంచుకున్నాడు? ఆ 32 అంగుళాలదే. బందూకు మార్చలేదు, తాను కూర్చునే చోటు మార్చాడు. జమ్ములోకి దిగడం మాని కట్ట మీద కూర్చున్నాడు. ఎత్తున పోయేవాటిని కొట్టేవాడు. అవి చెరువు నడిమధ్యన పడేవి. పది పడితే నాలుగు ఊపిరితో చేతికందేవి. మిగతావి కుక్కలకు, గద్దలకు. దాదా దోస్తు కొడుకు ఈదుకుంటూ పోయి, ఇంకా కొట్టుకుంటున్న బాతును తలపైకెత్తి పట్టుకుని, 'సాయిబూ, జల్దీ' అని కేకేసేవాడు. అనుమానానికి మేము కట్టిన పన్ను అది. మా తరఫున పిట్టలు కూడా కట్టాయి.

1991లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి వేట లైసెన్సులు ఎత్తేశారు. బాతుల వేట పూర్తిగా ఆగింది. ఆగాలి కూడా. మేము దానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నవాళ్లం. ఛర్రాలు పిట్టకు తగలకపోయినా చంపుతాయి. నీటి అడుగున పడ్డ సీసపు రవ్వలను బాతులు గులకరాళ్లనుకుని మింగుతాయి, ఆ విషానికి చస్తాయి. అమెరికాలో నీటిపిట్టల వేటకు సీసాన్ని దేశమంతటా నిషేధించింది కూడా 1991లోనే. చిచ్చా ఆ ఏడాది బందూకుకు నూనె పెట్టి, గుడ్డలో చుట్టి, బీరువా వెనక పెట్టాడు. లైసెన్సు ఉంది గనక ఇంట్లో ఉండొచ్చు. పని మాత్రం లేదు.

పని లేని బందూకుకు కూడా మాతో పని ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో జమ చేయాలి. చిచ్చా సైకిల్‌కు కట్టి తీసుకుపోయేవాడు. 1992 డిసెంబర్ తర్వాత బజారులో ఆ మూట చూసే చూపులు మారాయి. స్టేషన్‌లో కుర్చీ ఉన్నవాళ్లు కూర్చునేవాళ్లు, చిచ్చా నిలబడి జవాబులు చెప్పేవాడు. ఎవరెవరు వస్తారు ఇంటికి, పిల్లలేం చదువుతారు, ఏ మసీదుకు పోతావు. బందూకు గొట్టం పొడవు మాత్రం ఎవరూ కొలవలేదు.

2007 మే నెలలో మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చింది నమాజుకు వచ్చినవాళ్లు. పట్టుకుపోయింది కూడా మా పిల్లలనే. నెలలు జైళ్లలో ఉండి, దెబ్బలు తిని, చివరికి కోర్టులో నిర్దోషులుగా బయటికొచ్చారు. మరుసటి ఏడాది చిచ్చా పోయాడు. బందూకు ఎవరి పేరు మీదికి రావాలి? వారసుడు లైసెన్సు తీసుకోవాలి, లేకపోతే స్టేషన్‌లోనో డీలరు దగ్గరో అప్పజెప్పాలి. చిచ్చా కొడుకుకు అప్పుడు 22 ఏళ్లు, కొత్తగా గడ్డం పెంచాడు. చట్టం ప్రకారం వాడికి ఏ అడ్డూ లేదు. మేము ఇంట్లో కూర్చుని గంట కూడా మాట్లాడలేదు. అప్పజెప్పేద్దాం అన్నాం. తీసుకుపోయినరోజు స్టేషన్‌లో ఒకాయన రెండు ప్రశ్నలు అడిగాడు. 'ఇన్నేండ్లు ఎందుకు పెట్టుకున్నరు?' అని మొదటిది. మేము చెప్పింది విని, 'మరి ఇప్పుడెందుకు ఇచ్చేస్తున్నరు?' అని రెండోది.

ఆ పిల్లాడు ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నాడు. పోయిన చలికాలం ఫోన్ చేశాడు. అక్కడ సముద్రం అంచున చిత్తడి నేలల్లో బాతుల వేట పూర్తిగా చట్టబద్ధం. లైసెన్సు తీసుకుని, ప్రభుత్వం అమ్మే బాతుల స్టాంపు కొని పోవాలి. బందూకులో మూడు తూటాలకు మించి పట్టకూడదు, ఛర్రా సీసం కాకూడదు. కూడా పనిచేసేవాళ్లు రమ్మంటున్నారట. వాడు అడిగింది ఒక్కటే. 'భయ్యా, అబ్బా బందూకు ఎన్ని అంగుళాలు ఉండె? చెరువుకు పొట్టిదే మంచిదనేటోడు కదా, ఎంత పొట్టిది?'

మాకు తెలిసిందంతా చెప్పాం. 26 తీసుకో. వదులు చోక్ తీసుకో. స్టీల్ ఛర్రా సీసం కంటే తేలిక, దూరం పోతే బలం తగ్గుతుంది, కనక దగ్గరికి రానిచ్చి కొట్టు. స్టీల్‌కు పాత బందూకుల గొట్టాలు, ఇరుకు చోకులు ఆగవు, ముందు అడిగి తెలుసుకో. బురదలో పడితే గొట్టంలోకి చూడకుండా పేల్చకు. చూసే ముందు తూటా తీసెయ్. కత్తి నడుముకు పెట్టుకో. అంతా చెప్పాక, అడగని మాట ఒకటి మా నోట్లోంచి వచ్చింది. అక్కడ 18 అంగుళాల కంటే పొట్టివాటికి 1934 నుంచే వేరే చట్టం ఉందట, ఆ దరిదాపులకు కూడా పోకు, 28 దొరికితే అదే మేలు అన్నాం. వాడు కాసేపు మాట్లాడలేదు. 'దాదీ లెక్క మాట్లాడుతున్నవ్ భయ్యా' అన్నాడు.

నిజమే. చెరువు లెక్క 26 అంటుంది. దాదీ లెక్క దానికి రెండంగుళాలు కలుపుతుంది. ఆ రెండంగుళాలే మేము చెప్పదలచుకున్న సంగతి. మైనారిటీ అంటే ఏమిటని అడుగుతారు మిత్రులు. లౌకికవాద మిత్రులు మరీ ప్రేమగా అడుగుతారు, మీకేం తక్కువైందని. తక్కువ కాలేదు, ఎక్కువైంది. ఏది ఎంచుకున్నా అవసరం కంటే రెండంగుళాలు ఎక్కువ కలిపి ఎంచుకోవాలి. అద్దె ఇల్లు వెతికేటప్పుడు, పిల్లాడికి పేరు పెట్టేటప్పుడు, బస్సులో టిఫిన్ డబ్బా తెరిచేటప్పుడు, క్రికెట్ మ్యాచ్ రోజు స్టేడియం ముందు నుంచి నడిచేటప్పుడు.

నవాబుల షికారు పోయినందుకు మాకు దిగులు లేదు. బందూకు పట్టిన సాయిబుల్లో మేము గర్వంగా చెప్పుకునే మనిషి సలీం అలీ. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టి, అది ఏ జాతిదో తెలుసుకోవడానికి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పోయినవాడు. 1931, 32లో హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి ఇక్కడి పిట్టల లెక్క రాసింది ఆయనే. పిట్టను కొట్టిన చేత్తోనే పిట్టను కాపాడే శాస్త్రం రాశాడు. ఆ పని కూడా సాయిబుల షికారు కథలో భాగమే.

ఒక బాతు ఉంది. ఒళ్లంతా నారింజ రంగు, తల లేత రంగు. వేసవిలో టిబెట్, లడఖ్, మధ్య ఆసియా వైపు గూళ్లు పెడుతుంది, చలికాలం మన దిక్కు వస్తుంది. సంస్కృతం చదివినవాళ్లకు అది చక్రవాకం. తెలుగు పల్లెల్లో బాపన బాతు. మా ఇంట్లో సుర్ఖాబ్. ఎవడైనా నీలుగుతుంటే, వీడికేమన్నా సుర్ఖాబ్ ఈకలు మొలిచినయా అని దాదీ తిట్టేది. దాదా నల్లచెరువు మీద దాన్ని ఒకే ఒక్కసారి చూశాడట. జాగీర్దారు బందూకు ఎత్తేలోపల అది మూసీ దిక్కు పోయిందట. దాదా సుర్ఖాబ్ అన్నాడు, దోస్తు బాపన బాతు అన్నాడు. ఇద్దరూ చూసింది ఒకే పిట్టను, ఇద్దరి కాళ్లూ ఒకే బురదలో.

నల్లచెరువులోకి ఇండ్లు వచ్చాయి, మురుగు వచ్చింది, గుర్రపుడెక్క అల్లుకుంది. 2024లో ఏర్పడిన హైడ్రా బాగుచేయడానికి ఎంచుకున్న చెరువుల్లో అది కూడా ఉంది. బాగుపడితే బాతులు వస్తాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అప్పుడు కట్ట మీద నిలబడి చూడటానికి మా పిల్లలు వస్తారు. వాళ్ల చేతిలో బందూకు ఉండదు, దుర్భిణి ఉంటుంది. అది ఎన్ని అంగుళాలుండాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి.